మూడు నిమిషాలక్క కక్ష

మా కార్యాలయంలో మూడు నెలలకోసారి ప్రజాభిప్రాయ సభ జరిగేది. బస్సులు ఏ దారిన తిరగాలి, ఏ రోడ్డు వెడల్పు చేయాలి, ఏ స్టాపు ఎత్తేయాలి అన్న ప్రణాళికలన్నీ గీసేది మేమే కాబట్టి, గీసేముందు జనాన్ని ఒక మాట అడగాలని చట్టం. అడగాలని ఉంది గానీ వినాలని లేదు. మనిషికి మూడు నిమిషాలు. మూడో నిమిషం నిండగానే బల్ల మీది గంట మోగించాలి. ఆ గంట కొట్టేదీ నేనే, ఎవరేం మాట్లాడారో పుస్తకంలోకి ఎక్కించేదీ నేనే. పదేళ్ళు చేశాను ఆ ఉద్యోగం. చేసినన్నాళ్ళూ చల్లగా ఫ్యాను కింద కూర్చునే చేశాను.

గంట మోగితే జనం రకరకాలుగా ఉంటారు. కొందరికి ఆ క్షణాన చెవుడు వస్తుంది. కొందరు "ఒక్క మాట సార్" అని పది మాటలు లాగిస్తారు. కొందరు గంట నా సొంత ఆస్తి అయినట్టు నా మీద కళ్ళెర్రజేస్తారు. ఒక్కావిడ మాత్రం గంట వినపడ్డ చోటే నోరు మూసేసేది. వాక్యం సగంలో ఉన్నా సరే. సంచీ భుజాన వేసుకుని, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి వెళ్ళిపోయేది. మూడు నెలల తర్వాత వచ్చి మైకు ముందు నిలబడి, నా వైపు తిరిగి, "పోయినసారి ఎక్కడ ఆపాను, చదువు" అనేది. నేను పాత పుస్తకం తిరగేసి ఆఖరి ముక్క చదివేవాణ్ణి. ఆ ముక్కకి తర్వాతి మాట నుంచి అందుకునేది.

మొట్టమొదటిసారి అలా అడిగినప్పుడు నేను చదివిన ముక్క ఇది: "ఒక పౌరురాలు అసంతృప్తి వ్యక్తం చేశారు." మేం అందరికీ అలాగే రాసేవాళ్ళం. తిట్టినా, ఏడ్చినా, దండం పెట్టినా పుస్తకంలో అది అసంతృప్తే.

"అసంతృప్తి అన్న మాట నా నోట రాలేదు బాబూ," అందావిడ. "నేనన్నది రాయాలి. ప్రతి అభిప్రాయాన్నీ నమోదు చేయాలని మీ నిబంధనల పుస్తకంలో పదకొండో పేజీలో ఉంది. నమోదంటే నేనన్నదే కదా, నువ్వనుకున్నది కాదు కదా?"

సభలో నవ్వులు. అధ్యక్ష స్థానంలో ఉన్నవాళ్ళు పుస్తకం తెప్పించి పదకొండో పేజీ చూశారు. ఉంది. ఆ రోజు నుంచి ఆవిడన్న ప్రతి అక్షరం రాయక తప్పింది కాదు. అందరూ ఆవిణ్ణి మూడు నిమిషాలక్క అనడం మొదలైంది అప్పుడే. మొదట్లో వెక్కిరింతగా అన్నారు. పోనుపోను ఆ పేరు వింటే మా కార్యాలయంలో కొందరు మాట మార్చేసేవాళ్ళు. ఆ కొందరిలో నేనొకణ్ణి, కారణం చెప్తాను.

అక్క పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేది. ఉతికి ఆరేసిన దుప్పట్లు గుట్టలుగా వచ్చి పడతాయి. బల్ల మీద పరిచి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి అరల్లో సర్దాలి. మూడు నిమిషాలకో దుప్పటి. ఇరవై ఏళ్ళు అదే పని చేసిన మనిషికి మూడు నిమిషాలు ఎంతో తెలియడానికి గడియారంతో పనేముంది? ముంజేతుల మీద పాత వాతలు, కొత్త వాతలు. ఆవిరికి మొహం ఎప్పుడూ ఎర్రగా ఉండేది. కొత్తవాళ్ళు చూసి కోపంగా ఉందనుకునేవాళ్ళు. కొత్తవాళ్ళు అనుకున్నది తప్పు కాదు.

పెళ్ళయింది, రెండేళ్ళకి విడిపోయింది. ఎవరడిగినా "కుదర్లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసేది. తర్వాత అన్న దగ్గరే ఉండిపోయింది. అన్న ఆవిడ కంటే పదేళ్ళు పెద్ద, పుట్టు గుడ్డి. అదే ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. మూడువందల నలభై గదుల నంబర్లు ఆయనకి కంఠతా వచ్చు. ఎముకల వార్డు అనేసరికి వేలు దాని మీదికి వెళ్ళిపోయేది. ఇంట్లో ఉతికిన దుప్పటి మడత పెట్టాలంటే ఒక కొస ఆయన పట్టుకునేవాడు, రెండో కొస చెల్లెలు పట్టుకునేది. "నువ్వు వంకరగా పట్టావు" అని కళ్ళున్న మనిషికి కళ్ళులేని మనిషి చెప్పేవాడు. ఆయన చెప్పిందే నిజమయ్యేది.

చెల్లెలు తెల్లారుజామున లాండ్రీ వ్యానులో వెళ్ళిపోయేది. అన్న తొమ్మిదింటి డ్యూటీకి బస్సులో వెళ్ళేవాడు, ఒక్కడే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. ఆ సంగతి ఆయనకి ఎంత గొప్పో అక్క ఏడో సభలో చెప్పింది. మూడు నిమిషాలూ దానికే సరిపోయాయి.

ఇక ఆ బస్సు సంగతి. వాళ్ళ కాలనీ ఐసు ఫ్యాక్టరీ వెనక, మిట్ట కింద ఉంటుంది. మిట్ట ఎక్కి అవతలికి దిగితే ఆసుపత్రి, మార్కెట్టు, బడులు, సమస్తం. మా ప్రణాళికాధికారిని చాటున గీతల సార్ అనేవాళ్ళం. ఎంత చిక్కు సమస్యకైనా ఆయన దగ్గర మందు ఒకటే, స్కేలు పెట్టి గీత గీయడం. మనిషి చెడ్డవాడు కాదని చెప్పాలని ఉంది, నోరు రావడం లేదు. తన గీత తప్పని ఒప్పుకోవడం కన్నా ఊరు ఊరంతా దారి మార్చుకోవడమే తేలికని నమ్మిన మనిషి. ముందున్న స్టాపుకీ వెనకున్న స్టాపుకీ మధ్య దూరాన్ని మ్యాపు మీద సరిగ్గా సగం చేసి, అక్కడ స్టాపు బోర్డు పాతించాడు. మ్యాపు చదునుగా ఉంటుంది. నేల అలా ఉండదు. బోర్డు మిట్ట ఎత్తులో సగానికి పడింది.

నిండు బస్సు అక్కడ ఆగితే మళ్ళీ కదిలేలోపు వెనక్కి జారేది. డ్రైవర్లు వారం రోజులు అవస్థ పడ్డారు. ఒకరోజు వెనకున్న కూరగాయల బండి నుజ్జయింది. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, వంద అడుగులు కింద, ఐసు ఫ్యాక్టరీ ముందు చదును చూసి ఆపడం మొదలుపెట్టారు. పన్నెండేళ్ళు జనం అక్కడే ఎక్కారు. కార్యాలయానికి ఎవరూ చెప్పలేదు. కార్యాలయానికి తెలియదని వాళ్ళకెలా తెలుస్తుంది? బస్సు ఆగే చోటే స్టాపు అని వాళ్ళు, బోర్డు ఉన్న చోటే స్టాపు అని మేము.

పన్నెండో ఏట ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతున్నారో లెక్క తీయమన్నారు. రోజుకూలి మీద కొందరిని పెట్టుకున్నారు. వాళ్ళలో నేనొకణ్ణి. మిట్ట మీది బోర్డు నా వంతుకి వచ్చింది. ఒక స్టూలు, ఒక అట్ట, ఒక కాగితం. కాగితం మీద ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా పావుగంటకో వరస, మొత్తం ఎనిమిది. ఎదురుగా ఒకే గడి: "ఈ స్టాపులో ఎక్కినవారు."

కింద నుంచి బస్సు వచ్చేది. ఫుట్‌బోర్డు మీద కూడా జనం. మూలుగుతూ మిట్టెక్కి నా పక్కనుంచి వెళ్ళిపోయేది. డ్రైవరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవాడు. నేను సున్నా రాసేవాణ్ణి. ఇంకో బస్సు, ఇంకో సున్నా. మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. కానీ ముల్లు రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

ఎనిమిదిన్నరకి ఒకాయన కర్ర తాటించుకుంటూ మిట్టెక్కి వచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"లెక్క రాస్తున్నది ఎవరు బాబూ?" అన్నాడు.

"నేనేనండీ."

"ఇక్కడ బస్సు ఆగదు నాయనా. ఎక్కేవాళ్ళంతా కింద ఐసు ఫ్యాక్టరీ దగ్గరున్నారు. బోర్డు దగ్గర ఎవరో కూర్చున్నారని విని, నా బస్సు వదిలేసి నీకు చెబుదామని వచ్చాను. స్టూలు తీసుకుని కిందికి రా, నీడ కూడా ఉంది."

"నన్నిక్కడే కూర్చోమన్నారండీ."

"పోనీ, ఇలా ఒకాయన చెప్పాడని రాసుకో."

"సరేనండీ," అన్నాను. ఆయన కదలలేదు. తల పక్కకి వంచి వింటున్నాడు. నేను పెన్ను తీసి కాగితం అంచున ఊరికే గీరాను, రాస్తున్న చప్పుడు వచ్చేలాగా.

"రాశావా?"

"రాశానండీ."

"చల్లగా ఉండు నాయనా," అని దిగి వెళ్ళిపోయాడు. నేను ఎనిమిదో గడిలో సున్నా పెట్టి, కింద సంతకం చేసి ఇచ్చేశాను. పని శుభ్రంగా ఉందని గీతల సార్ మెచ్చుకుని నన్ను కార్యాలయంలోకి తీసుకున్నాడు. ఆ గంట, ఆ పుస్తకం, ఆ ఫ్యాను నాకు అలా వచ్చాయి.

ఎక్కేవాళ్ళు లేరని మిట్ట దారిన బస్సు తీసేసి చుట్టు రోడ్డు మీదుగా మళ్ళించారు. టెలిఫోన్ ఆపరేటరు నడక మొదలుపెట్టాడు. మిట్ట రోడ్డుకి కాలిబాట లేదు. ఐదో వారం కంకర లారీ ఒరుసుకుని వెళ్ళింది. కాలువలో పడ్డాడు, తుంటి ఎముక విరిగింది. ఇంటి ముందు గదిలో మూడేళ్ళు మంచం మీద ఉండి, మూడువందల నలభై నంబర్లూ మర్చిపోకుండా రోజూ ఒకసారి అప్పజెప్పుకుంటూ, మూడో ఏడాది చివర పోయాడు. ఇవన్నీ నాకు అక్క సభలో చెప్తుంటే తెలిశాయి. నా చేత్తో నేనే రాశాను.

అన్న మంచాన పడ్డ నెలలోనే అక్క మొదటి సభకి వచ్చింది. ఆవిడ అడిగింది ఒక్కటే. ఆ లెక్క తప్పని, ఆ స్టాపులో మనుషులు ఉన్నారని గీతల సార్ తన నోటితో ఒప్పుకోవాలి, అది పుస్తకంలోకి ఎక్కాలి. నష్టపరిహారం ఇస్తామంటే మైకులోనే "అది మీ దగ్గరే ఉంచుకోండి" అంది.

గీతల సార్‌కి ఆవిడ చెవిలో జోరీగ అయిపోయింది. ప్రతి అభిప్రాయానికీ రాతపూర్వకంగా జవాబివ్వాలి, జవాబుని ప్రణాళికకి జత చేయాలి. ఆయన ఎక్కడికి ఏ ప్రణాళిక పంపినా దాని తోకకి ఈవిడ వేలాడేది. సభని పొద్దుటి పూటకి మార్చాడు. అక్క డ్యూటీ మార్చుకుంది. ఊరికి అవతలున్న గోదాములోకి మార్చాడు. రెండు బస్సులు మారి వచ్చి, "ఇక్కడికి రావడానికి మూడు గంటలు పట్టింది, మీ దయ" అని అదీ రాయించింది. మనిషికి రెండు నిమిషాలే అన్నాడు. పదమూడో పేజీ తీసి చూపించింది. ఆయన మొహం మాడ్చుకోవడం, నేను తల వంచుకుని రాయడం, ఆవిడ గంట దగ్గర ఆగిపోవడం. ఏళ్ళు ఇలా నడిచాయి.

ఒకసారి సార్ ఓపిక పట్టలేక మైకు లాక్కున్నాడు. "ఏంటమ్మా ఇది, కక్ష సాధింపులా ఉంది?"

"అవును సార్, కక్షే," అంది అక్క. నా వైపు తిరిగింది. "రాయి బాబూ. కక్ష అని పెద్ద అక్షరాలతో రాయి."

రాశాను. ఆవిడ నన్ను బాబూ అన్నప్పుడల్లా పుస్తకంలోంచి తల ఎత్తేవాణ్ణి కాదు. లెక్క కాగితం మీద సంతకం నాదని ఆవిడకి తెలుసా? పెన్ను గీరిన సంగతి తెలుసా? అన్న ఇంటికెళ్ళి ఏం చెప్పుంటాడు? ఏ సభలోనూ ఆ ముక్క రాలేదు. బస్సు వెనక్కి జారిన సంగతి వచ్చింది. కూరగాయల బండి వచ్చింది. లారీ, కాలువ, మంచం వచ్చాయి. లెక్క తీసిన రోజు మాత్రం రాలేదు. తెలియదేమో అని గుండెల మీద చెయ్యి వేసుకునేవాణ్ణి. మళ్ళీ మూడు నెలలకి దడ మొదలయ్యేది.

ముప్పై తొమ్మిదో సభ వచ్చింది. అక్కకి అప్పటికి జుట్టు సగం నెరిసింది. పాత ముక్క చదివించుకుని మొదలుపెట్టింది. లెక్క తీసిన పొద్దున ఎండ ఎలా ఉందో, ఐసు ఫ్యాక్టరీ ముందు ఎవరెవరు నిలబడ్డారో పేరు పేరునా చెప్పింది. గడియారం చూస్తే ఇంకా ఇరవై సెకన్లుంది. ఆవిడ తొందర పడలేదు.

"ఆ రోజు మా అన్న తన బస్సు వదిలేసి, మిట్టెక్కి వెళ్ళి, లెక్క రాసే మనిషితో," అంది. నేను గంట కొట్టాను. నేను కొట్టకముందే ఆవిడ ఆగిపోయింది.

సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. నా వైపు చూడను కూడా లేదు. ఆ తర్వాత మూడు నెలలు నేను తిన్నది తిన్నట్టు లేదు. సగం వాక్యం నా బల్ల సొరుగులో పుస్తకంలో ఉంది. మిగతా సగం ఆవిడ నోట్లో ఉంది.

ఆ మూడు నెలల్లోనే ఇంకొకటి జరిగింది. ఇరవై ఏళ్ళ ప్రణాళిక తయారైంది. అది ఆమోదం పొందితే చుట్టు రోడ్డు గీతే ఖాయం, మిట్ట దారికి ఇరవై ఏళ్ళదాకా బస్సు రాదు. పాలక మండలికి కొత్త అధ్యక్షురాలు వచ్చింది, రిటైరైన లెక్కల టీచరు. అక్క అభిప్రాయాలన్నీ దొంతరగా చదివి, మిట్ట దారిలో వారం రోజులు బస్సు నడిపి, అందులో ఒక రోజు మళ్ళీ లెక్క తీయమంది. ఆ రోజు గీతల సారే స్వయంగా కూర్చోవాలని కూడా రాసింది.

ఆ సంగతి నోటీసు రాసి ఐసు ఫ్యాక్టరీ గోడకి అంటించే పని నాది. నోటీసులో స్పష్టంగా ఉంది, లెక్క బోర్డు దగ్గర తీస్తారని. నేను జిగురు పూస్తుంటే కాలనీ జనం మూగారు. అక్క కూడా వచ్చింది.

ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్ చదివి అన్నాడు, "ఒక్క రోజే కదక్కా. అందరం పైకెళ్ళి బోర్డు దగ్గర నిలబడదాం. డ్రైవర్‌కి నేను చెప్తా, కాస్త ఆపమని. బస్సు మనదైపోద్ది."

"వద్దు," అంది అక్క.

"ఏంటక్కా, పదేళ్ళు తిరిగావు ఈ బస్సు కోసం."

"బస్సు కోసమని ఎవరు చెప్పారు నీకు? రేపు మనం బోర్డు దగ్గర నిలబడితే ఆ రోజు కూడా అక్కడే నిలబడి ఉండాల్సిందని అర్థం. వాళ్ళ సున్నా ఒప్పయిపోతుంది. మా అన్న తప్పయిపోతాడు. రోజూ ఎక్కడ ఎక్కుతారో అక్కడే ఎక్కండి. వాళ్ళకి కళ్ళున్నాయిగా."

"మళ్ళీ సున్నా రాస్తే?"

"రాయనీ," అంది. అప్పుడు నా వైపు చూసింది. "బాబూ, ఆ మూల అంటుకోలేదు. గట్టిగా నొక్కు."

నొక్కాను.

లెక్క రోజున గీతల సార్ మడత కుర్చీలో, నేను పాత స్టూలు లాంటి ఇంకో స్టూలు మీద. అదే ఎనిమిది గడుల కాగితం. పదేళ్ళలో మారింది అట్ట రంగు ఒక్కటే. మొదటి బస్సు వచ్చింది, కిక్కిరిసి. సార్ చెయ్యెత్తి ఆపమన్నాడు. డ్రైవరు కిటికీలోంచి కిందికి చూపించి ముందుకి వెళ్ళిపోయాడు. రెండోది అంతే. మూడోదాంట్లోంచి ఎవరో ముసలామె సార్‌కి చెయ్యి ఊపింది.

"ఎంతమంది ఎక్కారు?" అన్నాడు సార్, రోడ్డు వైపు చూడకుండా.

"ఇక్కడైతే ఎవరూ ఎక్కలేదు సార్. కింద..."

"కింద సంగతి కాగితంలో ఉందా?"

"లేదు సార్."

"మరి రాయి."

రాశాను. నలభై ఏళ్ళ వయసు, నెత్తి మీద ఎండ, చేతిలో అదే పెన్ను లాంటి పెన్ను. ఎనిమిది సున్నాలు రాసి సంతకం చేశాను. మొదటిసారి తెలియక చేశానని ఎవరితోనైనా బుకాయించవచ్చు. రెండోసారికి ఆ సాకు కూడా లేదు.

నలభయ్యో సభకి గది నిండిపోయింది. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు, డ్రైవర్లు, లాండ్రీ ఆడవాళ్ళు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. గీతల సార్ తెర మీద గీతలు చూపించి, మిట్ట స్టాపులో రెండు విడతలా లెక్క సున్నా వచ్చిందని చెప్పి, ఆమోదం కోరి కూర్చున్నాడు. అధ్యక్షురాలు ఆఖరుగా ప్రజాభిప్రాయం అంది. అక్క లేచింది.

"పోయినసారి ఎక్కడ ఆపాను, చదువు."

నీళ్ళు తాగి చదివాను. "'ఆ రోజు మా అన్న తన బస్సు వదిలేసి, మిట్టెక్కి వెళ్ళి, లెక్క రాసే మనిషితో.'"

"ఆ," అంది అక్క. "ఇంతకు ముందు ముప్పై తొమ్మిది సార్లు నేను మాట్లాడాను. ఇవాళ్టి మూడు నిమిషాలతో రెండు గంటలు నిండుతాయి. లెక్క తీసిన రోజు ఏడు నుంచి తొమ్మిది దాకా ఎంతో, అంత. ఈ మూడు నిమిషాలూ నీకిస్తున్నా. ఆ వాక్యం మిగతాది నువ్వే చెప్పు."

అని చేతులు కట్టుకుని నిలబడింది.

నా ఎదురుగా గడియారం, పక్కన గంట. మూడు నిమిషాలు నిండాక కొట్టాల్సింది నేనే. నోరు మెదపకుండా కూర్చుంటే చాలు. గంట కొడతాను, ఆమోదం అయిపోతుంది, నా ఉద్యోగం నాకుంటుంది. ఒక నిమిషం అయింది. గీతల సార్ నా వైపు చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు, చాలా కొంచెంగా. రెండో నిమిషం అయింది. అక్క గడియారం చూడటం లేదు. నన్నే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. చెప్తే ఒక రకంగా, చెప్పకపోతే ఇంకో రకంగా నా పని పడుతుంది, అంతే ఉంది.

"నాతో చెప్పాడు," అన్నాను. "ఇక్కడ బస్సు ఆగదు, కిందికి రా అని చెప్పాడు. రాసుకోమన్నాడు. నేను రాయలేదు."

తర్వాత గంట సంగతే మర్చిపోయాను. రెండు కాగితాలూ నావేనని, రెండుసార్లూ నిండు బస్సులు నా కళ్ళముందే పోయాయని, పోయిన నెల సార్ పక్కనే ఉండి సున్నా రాయమన్నాడని మొత్తం చెప్పేశాను.

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసింది. "బస్సుల్లో జనం ఉన్నారా లేరా?"

"నిలబడ్డానికి చోటు లేదండీ."

ఆమె గీతల సార్ వైపు తిరిగింది. "మీరు చూశారా?"

సార్ కాగితాలు తిరగేశాడు. నిర్ణీత స్థలం అన్నాడు, పద్ధతి అన్నాడు.

"నేనడిగింది పద్ధతి కాదు. మనుషులు ఉన్నారా?"

ఆయన "ఉన్నారు" అన్నాడు. తల వంచుకుని అన్నాడు, మైకుకి అందలేదు.

"మైకులో," అంది అక్క. పదేళ్ళలో తన వంతు దాటి ఆవిడ మాట్లాడింది ఆ ఒక్క మాటే.

"ఆ స్టాపులో మనుషులు ఉన్నారు. లెక్క తప్పు," అన్నాడు సార్ మైకులో. నేను రాశాను. నా ఆఖరి రాత అదే. ప్రణాళిక వెనక్కి పోయింది. విచారణలో గీతల సార్ పదవి పోయింది, పాత మ్యాపుల గదికి కాపలా వేశారు. నాకు ఆ కాపలా కూడా దక్కలేదు, తీసేశారు. మిట్ట దారికి బస్సు వచ్చింది. బోర్డు పీకి ఐసు ఫ్యాక్టరీ ముందు పాతారు. నలభై ఒకటో సభకి అక్క వెళ్ళలేదని విన్నాను. ఇంకెప్పుడూ వెళ్ళలేదట.

రెండు నెలలు ఆగి ఆసుపత్రి లాండ్రీకి వెళ్ళాను. క్షమించమని అడగాలని. నిజం చెప్పాలంటే, ఆఖరికి నిజం చెప్పానుగా, ఒక మంచి మాట వింటానని వెళ్ళాను. గది నిండా ఆవిరి. అక్క బల్ల దగ్గర ఒక్కతే ఉంది. నన్ను చూసి ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

"అక్కా, ఆ రోజు సభలో..."

"చెప్పావు. విన్నాను," అంది. "ఒకటి చెప్పలేదు. పెన్ను చప్పుడు."

నేను బల్ల మీది దుప్పటి వైపు చూశాను.

"ఆ సాయంత్రం అన్న ఎంత సంతోషంగా వచ్చాడో తెలుసా. లెక్క రాసే అబ్బాయి మంచివాడమ్మా, నేను చెప్తుంటే రాశాడు, చప్పుడు విన్నాను అన్నాడు. బస్సు తీసేశాక కూడా అదే మాట. తుంటి విరిగి మంచంలో ఉండి కూడా అదే మాట. ఆ అబ్బాయి రాశాడమ్మా, పైవాళ్ళే కొట్టేసుంటారు, ఆ అబ్బాయినేం అనకు అనేవాడు. మూడేళ్ళు నీ తరఫున నాతో పోట్లాడాడు. మొదటి సభకి వచ్చిన రోజే మీ వాళ్ళని అడిగి ఆ కాగితం తీయించి చూశాను. సంతకం చూశాను. అంచున గీతలు చూశాను, కోడి గెలికినట్టు. ఆయనకి చెప్పలేదు. చెప్తే ఆ రోజే చచ్చిపోయేవాడు."

నేను నిలబడే ఉన్నాను. అక్క ఒక దుప్పటి దులిపి ఒక కొస చేత పట్టుకుంది. రెండో కొస నా వైపు జారింది. ఎదురుగా మనిషి ఉంటే పట్టుకోవాల్సిన కొస అది. నేను చెయ్యి చాచాను.

అక్క నా చెయ్యి చూసింది. ఆ కొసని నా ముందునుంచి లాక్కుని, గోడకున్న మేకుకి తగిలించి, వెనక్కి నడిచి బిగించి మడత పెట్టింది. వంకర లేకుండా వచ్చింది.

"పక్కకి జరుగు," అంది. "ఇంకా నలభై ఉన్నాయి."